వెళ్ళనిచ్చారట!

హలో… ఆ, నేనే వదినా. ఇంగ్లీషు క్లాసు చెబుతున్నావా?… అయిపోయిందా, మంచిది.

హోటల్ నుంచే. బట్టలుతికే గది వెనక మెట్ల మీద కూర్చున్నా… లేదు, తినలేదు. డబ్బా మూత కూడా తియ్యలేదు. కడుపు మండిపోతోంది… ఆకలితో కాదు!

ఎవరి మీదేంటి, బొంగరం మీద… అదే, నాతోపాటు దుప్పట్లు ఇస్త్రీ చేస్తుందే. కాలు ఒకచోట నిలవదని అందరం అలా పిలుస్తామే, అది.

దానికి సెలవిచ్చారు!

అవును మరి! మా చిన్నదాని పరీక్షలకి నేను మూడ్రోజులు అడిగితే మేనేజరమ్మ తల కూడా ఎత్తలేదు. ఇదేమో ఇవాళ పనిలోకే రాలేదు. పొద్దున్న అందరి ఫోన్లకీ ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది, దీని గురించే. 'వుయ్ హావ్ లెట్ హర్ గో' అట. లెట్ అంటే ఒప్పుకోవడం, గో అంటే వెళ్ళడం. వెళ్ళనిచ్చారట!… నాకూ ఆ మాత్రం వచ్చులే.

ఉండు, ముందు నన్ను కక్కెయ్యనీ… అన్నీ దానికే వదినా. కిటికీ పక్క బల్ల దానిది. కొత్త ఏప్రన్ ముందు దానికి. వచ్చే నెల నుంచి పెద్ద ఇస్త్రీ మిషను కూడా దానికే అప్పజెబుతారట. ఇద్దరం ఒకే రోజు చేరాం! ఐదేళ్ళు చెరో కొస పట్టుకుని దుప్పట్లు మడతపెట్టాం. నేనేమైనా నిద్రపోయానా?

పొద్దుట్నుంచి నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు… ఎందుకెత్తాలి? ఎక్కడెక్కడ తిరుగుతోందో గొప్పలు చెప్పుకోడానికేగా.

ఏంటి?… ఇంకో అర్థం ఉందా?

ఆ… చేతిలో పట్టుకున్నది వదిలెయ్యడం. సరే. వెళ్ళనివ్వడం, అదీ సరే. నేనన్నదీ అదేగా… పనిచేసే చోట అంటే?…

…మళ్ళీ చెప్పు.

పన్లోంచి తీసేశారా?

ఊరుకో వదినా… మనం 'తీసేశారు' అంటే చెవిలో గుచ్చుకుంటుంది. వాళ్ళు అంత నున్నగా చెబుతారా? అదేదో వెళ్తానని బతిమాలితే, జాలిపడి గేటు తీసినట్టు?… కింద ఇంకో ముక్క ఉంది. ఉండు… 'బికాజ్ ఆఫ్ లాస్ట్ వీక్స్ ఫైర్'… ఫైర్ అంటే నిప్పేగా? దీనికీ ఇంకో అర్థం ఉందా?… ఓ. ఇక్కడ నిప్పే.

పోయిన వారం మా గదిలో పొగొచ్చింది వదినా. టేబుల్ గుడ్డలు కాలిపోయాయి, పక్కనున్న బీరువా సగం మాడింది. ఇస్త్రీ పెట్టె ఆపకుండా వదిలేశారు. ఆ పూట గదిలో పనిచేసింది మేమిద్దరమే. మేనేజరమ్మ పిలిచి అడిగితే 'నేను కాదండీ' అన్నాను. అంతే. దాని పేరెత్తలేదు…

అవును. ఎత్తక్కర్లేదు, నేను కాదంటే మిగిలింది అదేగా. తెలుసు.

…నేనే వదినా. ఆపనిది నేనే. పెద్ద మిషను దానికిస్తారని అప్పుడే విన్నా. చేస్తున్న పని అలాగే పడేసి, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయా… లేదు, అన్నయ్యకీ చెప్పలేదు.

పని పోతుందనుకోలేదు, ఒట్టు. దానికి నాలుగు తిట్లు పడతాయి, మిషను నాకొస్తుంది అనుకున్నా… అనుకున్నా. నీ దగ్గర ఇంకేం దాస్తాను?

ఏడవట్లేదు… 

దానికి తెలియకేం? తను ఆపిందో లేదో తనకి తెలుసుగా. అయినా నాకే చేసింది… తిట్టడానికో, ఏడవడానికో. నాకు కాకపోతే ఇంకెవరికి చేస్తుంది?

చెప్తా. దానికీ చెప్తా. కానీ ముందు… మేనేజరమ్మకేగా? నన్నూ తీసేస్తే?… చిన్నదాని ఫీజు… ఊఁ… ఊఁ… అది నిజమే. దానికీ పిల్లలున్నారు.

లేచా. మెట్లెక్కుతున్నా… వద్దొద్దు, పెట్టెయ్యకు. ఏం మాట్లాడకపోయినా ఫర్లేదు. లైన్లో ఉండు, చాలు.

తలుపు దగ్గరున్నా. మేనేజరమ్మ లోపలే ఉంది… ఏదో రాసుకుంటోంది.

మేడమ్, ఒక్క మాట… ఆ పొగ వచ్చిన రోజు గురించి… లేదు మేడమ్, కూర్చోను. నించునే చెప్తాను.

…పెట్టేస్తున్నా వదినా.