ఎడమ దిక్కు తబల

జర దగ్గరికి జరిగి కూసోండి. అంజన్న మీద ఆన, ఈ ముచ్చటల నా కోత ఒక్కటి గూడ లేదు; ఉన్నవన్నీ లచ్చయ్యవే.

కట్టంగూరు రోడ్డు మీద బీరమ్మ చాయ్ హోటల్ల, శనివారం భజన ఎవరింట్ల పెట్టాలన్న మాట నడుస్తాంది. భజన పెద్ద లింగస్వామి ఎవరి పేరు చెప్తడోనని లచ్చయ్య పానమంత చెవులల్ల పెట్టుకొని కూసున్నడు. ఊర్లె అందరి గడపలూ తొక్కిన భజన ఆయన గడప మాత్రం తొక్కలేదు. లచ్చయ్య నోరు తెరిస్తే ఇంక పాటకు సందు దొరకదని అందరి భయం.

"లింగన్నా, ఈసారి మా ఇంట్ల పెట్టుర్రి. జడ్చర్లకెళ్లి రెండు స్పీకర్ డబ్బలు తెచ్చిన. నడుమ కూసొని కండ్లు మూస్తే ఎడమ దిక్కు తబల, కుడి దిక్కు తాళాలు, ముంగట పాడెటాయన. ఎవరు ఏ జాగల కూసున్నరో ఏలు పెట్టి చూపియ్యొచ్చు."

"గంతేనా?" అన్నది బీరమ్మ, చాయ్ వడబోస్తూ.

ఆ ఒక్క మాట చాలు లచ్చయ్యకు.

"గంతేనా అంటవేంది అక్కా! మొన్న భజన పాట పెడితే, డబ్బలున్న తాళాలాయన జోరుగ చెయ్యి ఊపిండు, ఆ గాలికి దేవుని ముంగటి దీపం ఆరిపోయింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? పాడెటాయన గొంతు సవరించుకున్నడు. పాపం దూపైతాందేమోనని మా ఇంటామె హనుమమ్మ చెంబెడు నీళ్లు తెచ్చి రెండు డబ్బల నడుమ పెట్టింది. పాట అయ్యేసరికి చెంబు ఖాళీ!"

"పిల్లి తాగిందేమో," అన్నడు లింగస్వామి.

"పిల్లికి జాగేదన్నా? ఇల్లంత జనమే! నేనే గోడకు ఒత్తుకొని నిలవడ్డ. తబలాయన మోచెయ్యి తగిలి ఇగో, గీ పక్క బొక్క ఇంక నొస్తాంది. ఆఖర్ల ఊరేగింపు పాట వచ్చింది సూడు! ఏనుగు ఎడమ డబ్బలకెళ్లి ఎల్లి, నా కాళ్ల ముంగట్నుంచి కుడి డబ్బలకు పోయింది. తెల్లారి హనుమమ్మ ఇల్లూడిస్తే, నీ మీదొట్టు, గంపెడు పూలు, తట్టెడు ఏనుగు లద్దె!"

లచ్చయ్య పత్తి చేనుకు పొరుగు చేను గుర్వయ్యది. చాయ్ తాగుతున్నోడల్లా గిలాస కింద పెట్టిండు.

"ఏనుగు ఎడమ డబ్బలకెళ్లే వచ్చిందా బావా?"

"ఎడమ డబ్బలకెళ్లే!"

"మరి ఆ ఎడమ డబ్బను దసరనాడే తీస్కపోయి చేన్ల గుంజకు కడితివి గదా! అడివి పందులు బెదరాలని అండ్ల కుక్కల అరుపులు పెడితివి. అప్పటికెళ్లి అది ఇంటికే రాలే. పందులు అలవాటు పడ్డయి, నాకే నిద్ర పడ్తలేదు."

హోటలంత గొల్లుమన్నది. లచ్చయ్య తల వంచి ఖాళీ గిలాసలకు చూసిండు. శనివారం చెయ్యి జారిపోయిందనుకున్నడు.

లింగస్వామి నవ్వి నవ్వి తువ్వాలతోటి కండ్లు తుడుచుకున్నడు. "లచ్చయ్యా, శనివారం మీ ఇంటికే వస్తం. కుడి దిక్కు నీ డబ్బ ఉండని. ఎడమ దిక్కు జాగ ఖాళీగనే ఉన్నది గదా, మేం కూసుంటం."

లచ్చయ్య రెండు చేతులెత్తి అంజన్నకు మొక్కిండు. ఎత్తిన చేతులు దించకముందే నోరు మళ్ల మొదలైంది.

"రార్రి అన్నా, ఫికర్ జెయ్యకుర్రి," అన్నడు ఛాతి ఉబ్బించి. "నా డబ్బ పక్కన కూసొని పాడితే, మీరు గూడ అచ్చం మనుషుల లెక్కనే ఇనొస్తరు."