సున్నం కింద వరద

జనవరి నెల. విశాఖ శివారులో గెడ్డ అని పిలిచే వాగు పక్కన కొత్త కాలనీ. ముంపు ఉన్న ఇళ్ళ వైపు రాతిగట్టు కట్టిస్తారట. ఆ ఇళ్ళేవో తేల్చడానికి వచ్చిన ఓవర్సీరు టేపు పట్టుకుని ఒక ముసలావిడ ఇంటి ముందు నిలబడ్డాడు.

“మీ గోడ మీద నీటి మరక లేదమ్మా. మరక లేకపోతే ముంపు లేనట్టే.”

“ఏటి బాబూ అలాగంతారు? మొన్న తుఫానుకి మంచం తేలిపోనాది!”

“మరి మరకేదీ?”

“క్రిస్మస్‌కి సున్నం ఏయించినాం. బురద గోడల్తో పండగ సేత్తామా?”

“పక్కింటి గోడకి మరక ఉంది. వాళ్ళకి గట్టు వస్తుంది.”

“ఆళ్ళకి సున్నం ఏయడానికి బద్ధకం బాబూ. బద్ధకానికి గట్టూ, మాకు గెడ్డానా?”

“కంటికి కనిపించిందే రాయమన్నారమ్మా. సరే, నీళ్ళు ఎందాకా వచ్చాయి?”

“కిటికీ దాటిపోనాయి.”

“ఆ మాట గట్టిగా అనకండి. కిటికీ దాటితే ఇల్లు ఖాళీ చేయిస్తారు.”

“ఓలమ్మో! అయితే మోకాలి దాకే వచ్చినాయి.”

“మోకాలి దాకా అయితే దాన్ని ముంపు అనరు, తడి అంటారు.”

“మరెందాకా రావాలో మీరే సెప్పండి బాబూ.”

“నడుం దాకా. ఆ పూలకుండీలో మట్టి కాస్త తడిపి ఇవ్వండి.”

“అయ్యో, కొత్త సున్నం మీద మీరే పూసేత్తన్నారేటి!”

“ఇదిగో, ఇప్పుడు కనిపించింది. రాసుకుంటున్నాను.”

“మీరు సల్లగుండాల. సెయ్యి సాపండి, నీళ్ళు పోత్తాను. మరి గట్టు కట్టేలోగా ఈ గీత సెరిగిపోతే?”

“గట్టు కట్టేలోగా ఇంకో తుఫాను రాకపోదమ్మా. అదే మళ్ళీ గీస్తుంది.”