మూతెడు మందు

హలో… హలో, నిజామాబాద్ పశువుల దవాఖాననేనా? కంపౌండర్ హనోకును జర పిలువుండ్రి సారూ… ఏందీ, నువ్వేనా! ఆ, అక్కను రా, జ్ఞానమ్మను. కోటగిరి నుంచి, జగ్గారావు సారింట్ల ఫోన్‌తోని మాట్లాడుతున్న.

… ఏం, నా గొంతు గుర్తుపడ్తలేవా? సూదులిచ్చి ఇచ్చి బర్రెల గొంతులే గుర్తుంటున్నయా నీకు?

… లేదు, నవ్వుతలేను. మోతికి బాగలేదు తమ్మీ. ఆ, గదే, సారోళ్ల కుక్క. పోయిన నెల మీ తోలు రోగాల డాక్టరు కాడికి తెచ్చిండ్రు సూడు, గది.

… చెవి మంచిగైంది. ఆయనిచ్చిన సుక్కలతోని చీము ఆగింది. గోకుడే తగ్గలే. గోకి గోకి వీపంత పుండ్లు చేసుకున్నది.

… మలామా? రాసినం. నాలుగు దినాలు రాసినం.

… ఎరుకే, ఇరవై దినాలు రాయాలన్నడు. గంధకం కంపు కొడ్తున్నదని మా అమ్మగారు నాగకుమారమ్మ డబ్బా బయట పారేయించింది. ఆదివారం లోపల గోకుడు తగ్గకుంటే కుక్కను మోస్రా ఊరవతల ఇడిచిపెట్టి రమ్మని సారుకు చెప్పింది. సారు బిడ్డ విజయ పొర్లి పొర్లి ఏడ్చింది. ఆరేండ్ల పిల్ల… ఈ చేతులతోని పెంచిన. సూడలేకపోయిన.

… ఇప్పుడు కాదు, పొద్దుగాల పది గంటలకు. నిద్రల కాళ్లు కొట్టుకున్నది. కల గంటున్నదనుకున్న. జర సేపటికి ఒళ్లంత కొట్టుకున్నది. నోట్లె నురుగు. పండ్లు గట్టిగ కరుసుకపోయినయి.

… పిచ్చి లేసుడు కాదు. ఎవ్వల్ని కరువలే.

… ఏం తినలే హనోకూ.

… కోపం చెయ్యనంటే చెప్త. … మలాం లేకపాయె. జీతగాడు వీరస్వామి చెరుకుకు కొట్టే పురుగుల మందు ఉన్నది సూడు… చెరుకు లోపలి పురుగును సంపేది తోలు మీది పురుగును సంపదా అనుకున్న. ఒక్క మూత. కొబ్బరినూనెల కలిపి నిన్న మాపటికి రాసిన.

… తిట్టు, ఎంతన్న తిట్టు. ముందుగాల ఏం చెయ్యాల్నో చెప్పు.

… సబ్బు పెట్టి, నీళ్లు మస్తుగ పోసి… ఆ. … నూనె ఆ మందును ఒంట్లెకు గుంజుతదా? నాకేమెరుక!

… మోతి ఇక్కడ లేదు రా. సారు జీపుల ఏసుకొని నీ కాడికే వస్తున్నడు. బయలెల్లి అరగంటైంది. అందుకే ఫోన్ చేసిన. సారు అడుగుతే మందు సంగతి చెప్పకు. తిండి పడలేదని అను. నీ కాళ్లు మొక్కుత తమ్మీ, ఈ కొలువు పోతే ఏడికి పోవాలె నేను?

… కడుక్కున్న, చేతులు కడుక్కున్న. జర తల తిరుగుతున్నది, గంతే.

… మిగిలిన నూనెనా?

… ఎందుకడుగుతున్నవు?

… ఎక్స్ఛేంజి సారూ, కొయ్యకుండ్రి! ఇంకో మూడు నిమిషాలియ్యుండ్రి, మీకు దండం పెడ్త…

… ఉన్నవా? … పారెయ్య బుద్ధి కాలే హనోకూ. విజయ తల నిండ పేన్లు. కూలోళ్ల పిల్లలతోని ఆడనిచ్చి అంటించినవని అమ్మగారు రోజు నన్నే అంటది. ఈ పొద్దు తెల్లారంగ తలకు పట్టించి, గుడ్డ కట్టిన.

… అప్పటికి కుక్క మంచిగనే ఉండె! ఒట్టు.

… కుక్క పడ్డంక ఎందుకు కడుగలేదంటే… మోతి ఒళ్లు నాక్కున్నది గదా, కడుపులకు పోయింది కాబట్టి గట్లయిందనుకున్న. తలను ఎవరు నాకుతరు చెప్పు? నోట్లెకు పోతేనే విషమనుకున్న…

… పండుకున్నది. బడికి పోనని మారాం చేసి పండుకున్నది. ఇగో, ఈడికెళ్లి కనబడ్తనే ఉన్నది, చాప మీద. మంచిగనే…

… కాలు.

… హనోకూ, కాలు కొట్టుకుంటున్నది.

… విజయా! … విజ్జీ, బిడ్డా! లే బిడ్డా! … లేస్తలేదు. పిలుస్తనే ఉన్న, లేస్తలేదు!

… గుడ్డ ఇప్పాలె. జుట్టు కత్తిరించాలె. సబ్బుతోని కడిగి, బోధన్ దవాఖానకు… మందు సీస ఎంట పట్టుకపోవాలె. ఆ, ఆ. … ఎట్ల పోను రా? ఇంట్ల ఉన్న ఒక్క జీపు కుక్కను తీస్కొని నీ కాడికి వస్తున్నదాయె!

… చెరుకు లారీ. ఆ, రోడ్డు మీదికురికి ఏదో ఒకటి ఆపుత.

… అమ్మగారు వెనుక దేవునర్రల ఉన్నది. ఆమెకింకా తెల్వదు. పిల్లను ఎత్తుకొని ఉరుకుత, దవాఖానకు పోయినంక చెప్త. ఇప్పుడు చెప్తే నన్ను నిలబెట్టి…

… నా చేతులా? … వణుకుతున్నయి. భయానికి వణుకుతున్నయి.

… లేదు. … కుక్క పడకముందుకెళ్లి వణుకుతున్నయి.

… అంటే నేను గూడ?

… నిజమే. తొవ్వల నేను పడిపోతే, పిల్లకేం పెట్టిండ్రని డాక్టరు అడుగుతే చెప్పేటోళ్లు ఉండరు. … నిజమే తమ్మీ. పెద్దక్క కొడుకు లాజరుకు చెప్పు, పిన్నమ్మ… వద్దు, ఏం చెప్పకు. ఫోన్ పెడ్తున్న.

అమ్మగారూ! నాగకుమారమ్మా! పూజ ఆపి ఇటు రాండ్రి! కత్తెర తీస్కొని రాండ్రి! … నన్ను తర్వాత కొట్టుండ్రి, ముందుగాల నేను చెప్పేది ఇనుండ్రి. మోతికి రాసింది, విజయ తలకు రాసింది ఒకటే మందు. రాసింది నేనే.