చర్చికి ఇథనాల్ తెచ్చిన వెంకటప్పయ్య

ఏందే జెస్సికా, బండిని గట్ల తన్నుతున్నవ్? మైలేజీ ఇస్తలేదా? ఆ, ఇథనాల్ కలిపిన పెట్రోలని తిడుతున్నవా. తిట్టు, నేనేం కాదనను. కొంచెం మెల్లగ తిట్టు బిడ్డా, ఆయన వింటే చిన్నబుచ్చుకుంటడు. ఎవరేంది, వెంకటప్పయ్య గారు. పోయి శానా ఏండ్లాయె, నీకు తెల్వదులే. పెనుబల్లి దాటి అడివి మొదలయ్యే కాడ పొడుగు గొట్టాలు కనపడ్తయి గదా, ఆ ఫ్యాక్టరీ పెట్టినాయన. నేను ఆయన జీపు డ్రైవర్ని. గీ మంచం మీద కూసో, చెప్తా. వాళ్ల తాతల కాలంల కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నరు. ఎన్నేండ్లున్నా మాట మాత్రం ఆ దిక్కుదే. "ఏమోయ్ ఎబినేజరూ, బండి తియ్యవోయ్" అనేటోడు. అంత మెత్తగ చెప్తే తియ్యకుండ ఎట్లుంటం.

ఆయనకు మొక్కజొన్న పిచ్చి. గుట్టల మీది ఊర్ల నుంచి బస్తాలు దింపుకొని, రేటు లేక రోడ్డు మీద పోసుకొని కూసునేటోళ్లను చూసి చూసి, దీంతోని ఇథనాల్ తీయొచ్చని ఎక్కడనో విని వచ్చిండు. పులియబెట్టి కాస్తరు, అంతే. అప్పట్ల పెట్రోల్‌ల కలుపుతరంటే ఎవరు నమ్మిన్రు? ఊరంత సారా ఫ్యాక్టరీ వస్తుందనే అన్నది. అబద్ధం కూడా కాదు బిడ్డా, అదే సరుకు మందు కంపెనీకీ అమ్మొచ్చు. కొనేటోడు ఎవడనే దాంట్లనే ఉంటది తేడా. వాసన సంగతి అడగకు, పులిసిన అంబలి కుండ ముక్కు కాడ పెట్టినట్టుండేది. ఆయన ఇల్లు కూడా ఆ గాలి వచ్చే దిక్కే కట్టుకున్నడు. ఆయన భార్య నిర్మలాదేవి అమ్మగారు ఎన్నాళ్లు మాట్లాడలేదో ఆయనతోని.

ఇగ మా అత్త, మీ అమ్మమ్మ తల్లి, ఆరోగ్యమ్మ. మా మామ సారా తాగి తాగి పోయిండు. సారా వద్దని ఆడోళ్లంత లేచిన రోజుల్ల ఈ మండలంల ముందు నడిచింది మా అత్తనే, కుండలు కనపడితే కర్రతోని కొట్టుకుంట పోయేది. అసువంటి మనిషి అల్లుడు ఆ ఫ్యాక్టరీల డ్రైవరు. నా ఇంట్ల నాకు అన్నం పెట్టేటోళ్లు లేరనుకో.

ఫ్యాక్టరీ నడిచి మొదటి సరుకు దిగిన వారమే మన చర్చిల కోత పండుగ. తెలుసు గదా, ఎవరి పంటల మొదటిది వాళ్లు తెచ్చి పెడ్తరు, ఆరాధన అయినంక వేలం పాడ్తరు. సొరకాయ, కోడిపుంజు, వడ్లు, ఎవరికి కలిగింది వాళ్లు. వెంకటప్పయ్య గారు హిందువైనా మొదటి నుంచి ప్రతి ఏడు ఒక బస్తా పంపేటోడు. ఆ ఏడు ఏమనుకున్నడో, "మన మొదటి పంట ఇదే కదోయ్" అని, ఎక్సైజ్ ఆఫీసరును బతిమాలి, కాగితం రాయించుకొని, ఒక క్యాను ఇథనాల్ తెచ్చి గుమ్మడికాయల పక్కన పెట్టిండు. నేను వద్దన్న. విన్నడా? పాస్టర్ గారు మూత తీసి వాసన చూసిండు, ముఖం మాడిపోయింది. ఆడోళ్లు ఒక్కసారే లేచిన్రు. "దేవుని ఇంట్లకు సారా తెస్తవా" అని ఒకామె, "చెప్పులు ఇప్పి వచ్చినవ్, సిగ్గు కూడా బయటనే ఇడిచినవా" అని ఇంకొకామె. ఆయన చేతులు జోడించి "అమ్మా, ఇది తాగేది కాదమ్మా, బండ్లకు పోసేది" అంటడు, ఎవరు వింటరు.

మా అత్త లేచి నడుముకు కొంగు చెక్కింది. "వేలానికి పెట్టింది వాపస్ ఇయ్యరాదు, నేనే పాడుతున్న" అని ఒకే మాటకు క్యాను పాడుకొని, బయటికి మోసుకపోయి మట్టిల కొంచెం పోసి అగ్గిపుల్ల గీసింది. పగటి ఎండల దాని మంట కనపడదు బిడ్డా. పాస్టర్ గారు "ఏం మండుతలేదే" అని వంగిండు, సగం గడ్డం సుయ్యిమన్నది. పిలగాండ్లు నవ్వలేక చచ్చిన్రు. మా అత్త నవ్వలే. "అప్పయ్యా, ఇయాళ బండ్లకు పోస్తనంటవ్. రేపు మందు కంపెనోడు ఎక్కువిస్తనంటే?" అన్నది. "ఒక్క చుక్క అమ్మను ఆరోగ్యమ్మా" అన్నడాయన. "గదే మాట లోపలికొచ్చి చెప్పు." వచ్చి చెప్పిండు, అందరి ముందు.

చెప్పుడు అల్కగనే చెప్పిండు. ఆయిల్ కంపెనోళ్లు ఇగ తీసుకుంటం, అగ తీసుకుంటం అని నెలలు నడిపిచ్చిన్రు. ట్యాంకులు నిండినయి, ఫ్యాక్టరీ ఆగింది, పనోళ్లు బయట చెట్ల కింద పేకాట. అప్పుడొచ్చిండు మందు కంపెనోడు, మిఠాయి డబ్బా పట్టుకొని, తెల్ల కారుల. "మొత్తం నేనే ఎత్తుతా సార్" అని. నిర్మలాదేవి అమ్మగారు "ఈ ఒక్క ఏడాదికేగా అండీ" అన్నది. ఆమె తప్పేం లేదు, పొలాలన్నీ బ్యాంకుల పెట్టిన్రు. ఆ సాయంత్రం ఆయన మా అత్త ఇంటికొచ్చి, గడప కాడ కూసొని "ఆరోగ్యమ్మా, నా మాట నాకు తిరిగిచ్చెయ్యవా" అని అడిగిండు. మా అత్త మిరపకాయల తొడిమెలు తీసుకుంటనే, "నా ఒక్కదానికిస్తే ఇచ్చేద్దును. చర్చిల ఇచ్చినవ్, చర్చిలనే అడుగు" అన్నది.

ఆదివారం వచ్చిండు. లేచి నిలబడ్డడు. ఆడోళ్ల దిక్కు చూసిండు, సగం మంది మా అత్త లెక్క సారాకు మొగుళ్లను పోగొట్టుకున్నోళ్లు. అడగబోయినాయన ఏం మొదలుపెట్టిండో తెలుసా, మన బండ్లకు పెట్రోల్ ఏ ఏ దేశాల నుంచి వస్తది, మన మొక్కజొన్నల ఎంత ఉన్నది, గుట్టల మీది రైతుకు ఏమొస్తది, ఇదంత. పాస్టర్ గారు గడియారం చూస్తున్నడు, ఆయన ఆపడు. అడగాల్సింది మాత్రం అడగలే. బయటికొచ్చి జీపెక్కి "ఏమోయ్ ఎబినేజరూ, ఇప్పుడు చెప్పింది కలెక్టరు దగ్గర చెబితే ఎలా ఉంటుందంటావ్" అన్నడు. అట్ల మొదలైంది. కలెక్టరు కాడికి, ఖమ్మంల బ్యాంకోళ్ల కాడికి, తిరుమలాయపాలెం, బోనకల్ రైతు సంఘాలకు, హైదరాబాదుల ఏసీ హోటళ్లల్ల మీటింగులకు, ఆఖరికి ఢిల్లీ దాక. పిలిచినా పిలవకున్నా పోయేటోడు. ఇంకా ఇట్లాంటి ఫ్యాక్టరీలోళ్లను కూడగట్టి సంఘం పెట్టిండు. మైకు దొరికితే ఇడిచేది లేదు. పెండ్లిల కూడా మాట్లాడిండు బిడ్డా, పెండ్లికొడుకు నిద్రపోయిండు.

ఆఖరికి ఆయిల్ కంపెనోళ్ల ఆర్డరు వచ్చింది. మొదటి ట్యాంకరు కదిలే రోజు మా అత్త సద్ది కట్టుకొని వచ్చి జీపుల కూసున్నది. "ఇది ఎటు పోతదో నా కండ్లతోని చూడాలె" అన్నది. దాని ఎనకాలనే డిపో దాక పోయినం, ఆయన ముందు సీట్ల, ఆమె ఎనక సీట్ల. పెట్రోల్ ట్యాంకులకు పైపు తగిలించేదాక ఆమె గేటు కాడి నుంచి కదల్లే. తగిలించినంక సద్ది ఇప్పి ముందు ఆయనకే పెట్టింది. ఇగ ఆన్నుంచి ఆయన ఆగలే. ఒక ట్యాంకరు పోయే కాడ మెయిన్ రోడ్డు దాక లైను, బోనకల్ దిక్కు రెండో ఫ్యాక్టరీ. ఢిల్లీల సన్మానం చేసి ఈ పని మీదికి మీకు మనసెట్ల పోయిందని అడిగితే, "మా ఊళ్లో ఒకావిడకి మాటిచ్చానండీ, ఇంకెవరికీ అమ్ముకునే దారి లేక" అన్నడు. హాలంత నవ్వింది. ఎనక నిలబడ్డ నేను నవ్వలే, నాకు తెలుసు గదా.

ఆఖరికి ఖమ్మం దవాఖానాల పడ్డడు. మా అత్తకు అప్పటికే కండ్లు సరిగ కనపడవు, నేనే తోలుకపోయిన. మంచం పట్టె తడుముకుంట కూసొని, "అప్పయ్యా, నీ మాట నిలబెట్టుకున్నవ్. ఇగ ఇడిచిపెడుతున్న. చర్చిల అందర్ని అడిగే వచ్చిన. నీ కొడుకు జయప్రకాశ్ మెడకు ఇది కట్టి పోకు, వాడు ఎవరికన్న అమ్ముకోనీ" అన్నది. ఆయన ఊపిరి కూడబెట్టుకొని, "వద్దు ఆరోగ్యమ్మా, ఉండనీ. అది తీసేస్తే నేను ఒట్టి సారా వ్యాపారినే" అన్నడు.

ఆ... పో, పోయి మీ అమ్మమ్మను అడిగిరా, అన్నమైందేమో.