ఒక్క చేతికి సరిపోయే యాంప్

బేస్ గిటార్ వాయించే ఆ అమ్మాయి, వాయిద్యాల కొట్టులోని చిన్న యాంప్ స్పీకరుని ఒక్క చేత్తో ఎత్తుకుని మేడ మెట్లెక్కి దిగి వచ్చింది. కొట్టాయన ఇంకా వైరు పట్టుకునే నిలబడి ఉన్నాడు.

“ముందు సౌండు వినాలి గానీ, ఈ మెట్ల పరీక్షేంటమ్మా? చూడ్డానికి చిన్నదే, హాలు హాలంతా అదిరిపోతుంది.”

“సౌండు తర్వాత వింటా బాబాయ్. ప్రోగ్రాము ఎప్పుడూ మూడో అంతస్తులోనే పెడతారు, లిఫ్టు ఎప్పుడూ పాడయ్యే ఉంటుంది. మోసేది నేనొక్కదాన్నే.”

“ఎలా ఉంది మరి?”

“దూదిపింజలా ఉంది. ఎక్కడా ఆగక్కర్లేదు.”

“మంచిదేగా! మొహం అలా పెట్టావేం?”

“పాతదానికి అటొక పిడి, ఇటొక పిడి. అక్క ఒక పక్క, నేనొక పక్క. మలుపు వస్తే చాలు, ‘ఆగవే, ప్రాణం పోతోంది’ అని దాని మీదే కూలబడేది. ఏం చెప్పుకున్నా అక్కడే. పోట్లాడుకున్న రోజైనా మోయక తప్పదు కదా, పైకి చేరేసరికి మాటలు కలిసిపోయేవి.”

“ఈసారి కలవలేదా?”

“ఈసారి ప్రోగ్రాము అయిపోయి, అంతా కిందికి దించేశాక పోట్లాడుకున్నాం. ఇప్పుడు వేరే బ్యాండులో పాడుతోంది.”

“శనివారం మైకు కొనడానికి వస్తానంది మీ అక్క. నువ్వేం కొన్నావో అడక్కుండా ఉంటుందా?”

ఆమె యాంప్ పిడిని ఓసారి నిమిరింది.

“అడిగితే, చాలా బరువని చెప్పు బాబాయ్. ఒక్కదాని వల్ల కాదని చెప్పు.”