కన్నాను అన్న ముక్క

బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళుండే కంచరపాలెం బర్మా క్యాంపు, 1979 వేసవి. రమణమూర్తి మేస్టారి అరుగు మీద ముగ్గురు: అప్పీలు రాస్తున్న మేస్టారు, దేశం విడిచిపొమ్మని ఆర్డరు అందుకున్న తవిటమ్మ, ఆమె తల్లి సీతాలు.

"మళ్ళీ చదువుతాను, విను సీతాలప్పా. 'కీర్తిశేషులు జగ్గయ్య భార్యనైన సీతాలు అను నేను ప్రమాణపూర్వకంగా తెలియజేయునది. మేము రంగూను బియ్యం మిల్లు కూలీల లైన్లలో కాపురముండగా నా కడుపున పుట్టిన ఆడపిల్లయే ఈ తవిటమ్మ...'"

"అక్కడ ఆగండి బాబూ."

"ఏం, పేరేమైనా తప్పు పడిందా?"

"పేరు కాదు. కడుపున పుట్టిన అనీసి ఏల? పెంచిన అని రాయండి. పాలిచ్చి పెంచిన అని."

"అమ్మా! పొద్దున్న కాన్నించి ఇదే గోలేటే? మేస్టారు మూడోసారి రాత్తన్నారు ఆ కాయితం."

"నువ్వుండవే. నాను మేస్టారితో మాటాడతన్నాను."

"ఉంటాను. ఇయ్యాల సాయంత్రం లోపల నువ్వు ఏలిముద్ర ఎయ్యకపోతే ఎక్కడుంటానో అదీ సెప్పు."

"తవిటమ్మా, కోప్పడకమ్మా. పెద్దది. చూడప్పా, పెంచిన అంటే వాళ్ళకి చాలదు. ఈ దేశం వాళ్ళకి పుట్టిందా కాదా అన్నదే వాళ్ళకి కావాలి. పెంచడం ఎవరైనా పెంచుతారు."

"ఎవులైనా పెంచుతారేటి బాబూ? మీరు పెంచి సూడండి."

"బాగుంది. నన్నంటావేంటి? చట్టం అంటోంది."

"ఆ సట్టానికి పిల్లల్లేరేమో."

"అయ్యో రామా! తవిటమ్మా, కాస్త మంచినీళ్ళియ్యి మీ అమ్మకి. అప్పా, తాగు. తాగి తాపీగా చెప్పు. నేనడిగినవాటికి జవాబు చెబితే చాలు. నోటరీ గారూ ఇవే అడుగుతారు. పిల్ల పుట్టింది ఏ కాలం?"

"వానలు. లైన్ల ముందర మోకాళ్ళకాడికి బురద."

"పుట్టుక కాయితంలో ఏప్రిల్ అనుంది."

"అయితే ఎండలేమో."

"వానలా ఎండలా అప్పా?"

"అప్పుడప్పుడు ఎండల్లోనా వానలొత్తాయి కదండి."

"మేస్టారూ, నవ్వకండి. ఇలాగ సెప్తే ఆల్లు నన్ను ఓడెక్కించీసి మరీ నవ్వుతారు. అమ్మా, నాకు మసూచి ఒచ్చినపుడు ఎన్నాళ్ళు ఏపాకుల మీద పడుకోబెట్టినావో సెప్తావు. సెవులు కుట్టించినపుడు నాను ఎవుల్ని కరిసినానో సెప్తావు. పుట్టిన కాలం గుర్తునేదేటి?"

"మసూచి నిన్న ఒచ్చినట్టుంటాది నాకు. కళ్ళు పోతాయన్నారు. నీ కళ్ళు పోతే నా కళ్ళు తీసుకోమని అమ్మోరితో..."

"మసూచి గొడవ వాళ్ళడగరప్పా. నొప్పులు ఎప్పుడొచ్చాయి? పగలా రాత్రా?"

"అందరికీ ఒచ్చినట్టే."

"మంత్రసాని ఎవరు?"

"పైడితల్లి."

"ఆవిడుందా?"

"బర్మాలోనే సచ్చిపోనాది."

"చూసినవాళ్ళు ఇంకెవరైనా? ఈ క్యాంపులో ఆ లైన్లవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారన్నావు."

"జోగమ్మ ఉంది మేస్టారూ. అడిగినాను. నాను నడిసే ఈడుకొచ్చినాక ఆల్లా లైన్లోకొచ్చినారట. అంతకు ముందుది తనకి తెలీదంది. తెలిసినట్టు సెప్పవే అప్పా అంటే, నోటరీ కాడ అబద్దమాడితే నా కాయితాలు కూడా సింపీత్తారని ఏడిసింది."

"ఆవిడ భయం ఆవిడది. మీ నాన్న ఉంటే పని జరిగేది. ఇప్పుడింక మీ అమ్మ తప్ప మనిషి లేదు."

"అదే సెప్తన్నాను. ఇనిపించిందా అమ్మా? నువ్వు తప్ప మనిషి నేదు."

"ఇనిపించింది."

"మరి?"

"బాబూ, ఓడ కాయితం ఉంది కదా. ఇక్కడ దిగినపుడు మమ్మల్ని నిలబెట్టి రాసినారు. జగ్గయ్య, ఆడి పెళ్ళాం, ఆడి కూతురు. దాని మీద సర్కారు ముద్రుంది. అది సాలదేటి?"

"మొదటి అర్జీలో అదే పెట్టాను. అది మీ ఆయన చెబితే రాసుకున్నది, పుట్టుక కాయితం ముందు నిలవదు అని కొట్టేశారు. పుట్టుక కాయితంలో తల్లి మాటిన్ అనే బర్మా ఆవిడ, తండ్రి ఆవిడ మొగుడు. దాని ప్రకారం తవిటమ్మ బర్మా మనిషి. ఇన్నాళ్ళూ అనుమతి లేకుండా ఇక్కడున్నట్టు లెక్క."

"ఆ కాయితం ఎవులిచ్చినారు ఆల్లకి?"

"మళ్ళీ అదేనేటే? మీ అల్లుడే ఇచ్చినాడు. నాకు బడిలో ఆయా ఉజ్జోగానికి వయసు కాయితం కావాలంటే, పెట్టె అడుగున బర్మా రాతలున్నది కనబడింది. అచ్చు ముద్ర ఉంది కదా, ఇదే గట్టి కాయితం అనీసి పట్టుకెల్లి ఇచ్చీసినాడు. అదెవుడో సదివీసరికి మనకి కొంప ములిగింది. ఇప్పుడు హార్బరు నించి ఒచ్చి కూడు ముట్టడు, గోడకేసి తిరిగి పడుకుంటాడు. ఆడి మొకం సూసి ఒక్క మాటనలేక సత్తన్నాను."

"గంగరాజుదేం తప్పు లేదమ్మా. బర్మా రాత వాడికేం తెలుసు?"

"తప్పని నానన్నానేటి? అసలా కాయితం అన్నేళ్ళు పెట్టెలో ఏల దాసినావే అమ్మా? తేలేని సామాను ఎంత ఒగ్గీసి ఒచ్చినాం. రాగి బిందెలు ఒగ్గీసినాం. ఆ ముక్క మాత్రం తెచ్చినావు."

"ఆ మాటిన్ తన సేత్తో ఇచ్చినాది. పారెయ్యడానికి సేతులాడలేదు."

"సరే, ఇప్పుడది పోనిద్దాం. మన వాదన బలమైందే అప్పా. నిదానంగా విను. నీకు పుట్టినవాళ్ళు నిలవలేదు. అవునా?"

"అవును బాబూ. ముగ్గురు."

"అలాంటప్పుడు మనవాళ్ళేం చేస్తారు? పుట్టిన బిడ్డని ఇరుగుపొరుగావిడకి తవుడుకి అమ్మేస్తారు. ఆవిడ చేటెడు తవుడిచ్చి బిడ్డని కొనుక్కుంటుంది. బిడ్డ వేరేవాళ్ళదయింది కాబట్టి మృత్యుదేవత ఆ గుమ్మం దాటి పోతుందని నమ్మకం. మళ్ళీ పెంచుకోడానికన్నట్టు తల్లే తీసుకుంటుంది. పేరు తవిటయ్య అనో తవిటమ్మ అనో పెడతారు. అవునా?"

"అవును."

"అలాగే మీ పక్కింటి మాటిన్ తవుడిచ్చి తవిటమ్మని కొన్నట్టు చేసింది. ఆ రోజుల్లోనే మునిసిపాలిటీ గుమాస్తా లైన్లకొచ్చి ఈ పిల్లెవరిదంటే, మాటిన్ నాదే అంది. కొనుక్కున్నావిడ అలాగే అనాలి. లేకపోతే చేసిన తంతు చెడుతుంది. వాడు ఉన్నదున్నట్టు రాసుకుపోయాడు. అంతే కదా జరిగింది?"

"అయ్య అలాగే సెప్పీవోడు మేస్టారూ. నన్ను ఒళ్ళో కూకోబెట్టుకుని, నువ్వు మా రాజకుమారివి కాదే, సేటెడు తవుడు సేసేదానివి అనీసి ఏడిపించీవోడు."

"జగ్గయ్య చెప్పాడంటే ఇంకేం కావాలి? కాకపోతే ఢిల్లీలో కూచున్నవాడికి ఇదంతా ఎలా ఎక్కించడం అన్నదే నా బాధ. తవుడంటే గేదెలకి పెట్టేది కదా, పిల్లకెందుకు అంటాడు."

"నాలుగు బస్తాలు పంపుదాం మేస్టారూ, తిని సూసుకుంటాడు."

"హహ. నవ్వావు, సంతోషం. ఆర్డరొచ్చిన తరవాత నువ్వు నవ్వడం ఇదే చూడ్డం."

"నవ్వక ఏటి సెయ్యాల? బర్మావోళ్ళు నన్ను రానిత్తారేటి? అక్కడ నాకు ఇల్లుందా, మనిషున్నాడా? ఆ బాస కూడా మరిసిపోనాను. అటు తోసీత్తే ఆల్లు ఇటు తోసీత్తారు. నా పిల్లలేమో అమ్మ ఏ పడవెక్కుతాదని ఆడుకుంటన్నారు."

"పిల్లలకేమంట మరి? ఆల్లు ఇక్కడోళ్ళే కదా బాబూ?"

"తండ్రి ఇక్కడివాడు, వాళ్ళు పుట్టింది ఇక్కడ. వాళ్ళకేం భయం లేదు. తవిటమ్మకే."

"అంటే పిల్లల్ని ఒగ్గీసి ఎల్లాలేటి?"

"ఇదిప్పుడడుగుతన్నావేటే? ఇన్నాళ్ళూ ఏటి ఇన్నావు?"

"ఇన్నాను. మళ్ళీ ఇంటే మారుతాదేమో అనీసి."

"మారదప్పా. నేను నిజం చెప్పాలి. ఈ అప్పీలు వేసినా నెగ్గుతామని గట్టిగా చెప్పలేను. నేను రాసినవాటిలో చాలామటుకు తిరిగొచ్చేశాయి. కానీ వెయ్యకపోతే ఇవాళ్టితో దారి మూసుకుపోతుంది. తల్లి ప్రమాణం ఉంటే కనీసం ఒకసారి చదువుతారు."

"ఆ పెమాణం ఎలాగుంటాది బాబూ? ఏటనాల?"

"'దైవసాక్షిగా పైన రాసినదంతా నిజం' అనాలి. అని వేలిముద్ర వెయ్యాలి. అంతే."

"ఏ దేవుడు?"

"ఏ దేవుడని రాయరు. నీకెవరైతే వాళ్ళు. సింహాద్రప్పన్న అనుకో."

"అప్పన్న మీదా?"

"ఏం, భయమా? నిజం చెప్పడానికి అప్పన్న మీద భయమెందుకు?"

"బాబూ, మీరు రోజూ పూజ సేసీవోరు. ఒకటడుగుతాను. కూతుర్ని కూతురు కాదంటే పాపమా, కాదా?"

"కూతుర్ని కాదంటే పాపమే మరి."

"కన్నానని అబద్దమాడితే?"

"అబద్ధం ఎందుకవుతుంది? నువ్వు... అప్పా, నా మొహంకేసి చూడు."

"ఏటి సూత్తాను? ఎండ కళ్ళల్లో పడతంది. గిన్నె పొయ్యి మీదెట్టి ఒచ్చినాను, మాడిపోతాదేమో. రేపు పొద్దున్నే ఎల్దామా నోటరీ కాడికి?"

"రేపు ఆదివారం అమ్మా! నోటరీ ఉండడని మేస్టారు సెప్పలేదేటి? పొయ్యి మీద గిన్నె నేదు, ఏటీ నేదు. నానే దింపి ఒచ్చినాను."

"తవిటమ్మా, కాసేపు ఆగమ్మా. మీ అమ్మకి నాతో ఒక మాటుందేమో. నువ్వలా వీధి చివరిదాకా..."

"నానెక్కడికీ ఎల్లను మేస్టారూ. ఎల్లమని ఆర్డరు సర్కారోళ్ళు ఇచ్చినారు, సాల్దా? మీరు కూడా ఎల్లమంటారేటి?"

"అది కాదమ్మా..."

"నాకు తెలుసు దీని సంగతి. నాను ఎల్లిపోతే పిల్లల్ని తన కాడుంచుకోవచ్చని. గంగరాజుకి మళ్ళీ ఎవుత్తినో కట్టబెట్టీసి..."

"తవిటీ!"

"మరేటనుకోమంటావే? పరాయోళ్ళ కాలట్టుకుని తిరిగినాను. ఆర్డరిచ్చిన ఆఫీసులో మెట్లు ఊడిసేదాన్ని అడిగినాను, దొరతో ఒక్క మాట సెప్పమనీసి. జోగమ్మ కాలట్టుకున్నాను. కన్నతల్లివి, నీకు ఒక్క ముక్క నోట్లోంచి రాదేటి?"

"పాలిచ్చినాను. ఆ ముక్క రాత్తారేటి ఎవులైనా? పాలు నానే ఇచ్చినాను. ఎన్నాళ్ళిచ్చినానో అడగండి బాబూ, సెప్తాను. ఒట్టేసి సెప్తాను."

"పాల సంగతి కాదే అడిగేది!"

"నాకు తెలిసింది అదేనే."

"తెలిసింది అదేనేటి? ఇలా రా. నా ఎదురుగా కూకో. మేస్టారూ, ఆ కాయితం అలా ఉంచండి. నోటరీ వొద్దు, అప్పన్నా వొద్దు. సెయ్యియ్యి. ఇదిగో, నా తల. నా తల మీద సెయ్యెట్టి అను. నిన్ను కన్నాను అను. ఒక్కసారి."

"సెయ్యొదులు."

"ఒదల్ను. అను."

"తవిటమ్మా, తల మీద ఒట్లు మంచివి కావమ్మా. అప్పా, నువ్వూ లే. కాయితం నేను వేరే విధంగా రాస్తాను. పాలిచ్చి పెంచిన అనే రాస్తాను, పోనీ..."

"అలా రాత్తే కొట్టేత్తారని మీరే సెప్పినారు కదా మేస్టారూ. అది అనాల. ఎలాగ అనదో నానూ సూత్తాను. అనవే!"

"తల మీద సెయ్యేసి తప్పు మాటంటే ఆ తల నిలవదే."

"తప్పయితే కదా! తప్పేటుంది అందులో?"

"నీకు సెప్పకూడదని మీ అయ్య నా సేత ఒట్టేయించుకున్నాడు."

"ఏటి సెప్పకూడదని?"

"నిన్ను ఒగ్గుకోలేనే. నోటరీ కాడ దేవుడి మీద ఒట్టేత్తాను, నరకానికి పోతే నానే పోతాను. అప్పన్న నన్నే కొట్టనీ, ఏలిముద్రేత్తాను. కానీ నీ తల మీద మాత్రం ఎయ్యించకే."

"అమ్మా, సరిగ్గా సెప్పు. మాటిన్ మనింటికి తవుడట్టుకొచ్చినాది. నన్ను కొన్నాది. అంతేనా?"

"నా నాలుగోవోడు పుట్టిన మూడో రోజు పోయినాడు. ఆడికోసమని తెచ్చిన తవుడు మూల అలాగే ఉంది. నా రొమ్ములు పాలతో రాళ్ళయిపోయినాయి. పక్కింట్లోన పాల్లేక ఒక ఆడగుంట రేయీ పగలూ ఏడుపు. మొగుడు ఒదిలీసి పోయినాడు ఆవిడికి, తిండి నేదు, పాలెక్కడివి? సేట ఎత్తుకుని ఆ గుమ్మం తొక్కింది నానేనే తల్లీ. అమ్మింది మాటిన్. కొన్నది నాను."