ఇద్దరూ పట్టని లెన్స్

ఆ బోర్డు నాకు సూపించకండి సార్. అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదనీసి తెలుగులోనే రాసుకున్నారు, సదివేను. నేను తిరిగి ఇచ్చీడానికి రాలేదు, మార్సుకోడానికి వొచ్చేను. ఈ ఎనభై అయిదు లెన్స్ మీరు ఉంచుకోండి, ఆ ముప్పై అయిదుది నాకు ఇయ్యండి. అంతే గదా.

పక్కన గీత ఉందంటే ఉంది. మా ఇంటి తలుపు గెడ తగిలి పడిన గీత అది. గాజుకి ఏటీ అవలేదు, ఎలుతురులో పెట్టి సూసుకోండి.

నేను గుర్తు లేనేటి? ప్రసన్నని. అరకులో బస్టాండు ఎనకాల ఫొటో స్టూడియో. దసరా ముందు వొచ్చేను, మా సెల్లి భాను పెళ్లికి లెన్స్ కావాలనీసి. రెండు గంటలు ఈ స్టూలు మీదే కూకున్నాను. మీరు టీ కూడా ఇప్పించేరు.

ఆఁ, అదే. ఆ పిల్లనే.

అప్పుడు ఏటడిగేను నేను? సీకట్లో, ఫ్లాష్ ఎయ్యకుండా, మనుసుల మొకాలు తియ్యాలి అని అడిగేను. కెమెరాతో పాటు వొచ్చిన జూమ్ లెన్స్ పగలు బాగుంటాది. పొద్దు వాలితే గుడ్డిదే. మా కాడ నాలుగున్నరకే ఎండ కొండెనక్కి ఎల్లిపోద్ది. ఇళ్లకి కిటికీలంటే జానెడు. మరి మేం పెళ్లిళ్లు సేసుకోవద్దేటి?

మీరు ఈ బల్ల మీదే మూడు లెన్స్‌లు పెట్టేరు. ముప్పై అయిదు, యాభై, ఎనభై అయిదు. వీటికి జూమ్ ఉండదు, మనిసి పెద్దగా కనపడాలంటే నువ్వే దగ్గరికి నడవాల అన్నారు. ఇవి కన్ను పెద్దగా తెరుత్తాయి, ఉన్న కాసింత ఎలుతురూ తాగీత్తాయి అన్నారు. కన్ను ఎంత పెద్దగా తెరిత్తే ఫోకస్ అంత పల్సనవుద్ది, ఒక మొకం తేటగా ఉంటే ఎనకాల మొకం మసకైపోద్ది అని కూడా అన్నారు. అన్నీ ఇన్నాను. బుర్రకి ఎక్కించుకున్నాను.

సిన్న గదిలో కూడా ఎక్కువ మంది పడతారు, ముప్పై అయిదు తీసుకో అన్నారు. ఆ మాటా అన్నారు, కాదనను. మరి గట్టిగా ఎందుకు అనలేదు?

నేను ఎనభై అయిదు పెట్టి, అదిగో, బిల్లులు రాత్తన్న సరళ గారిని తీసేను. ఎనకాల బీరువాలన్నీ పాలమీగడలాగ కరిగిపోయేయి. ఆవిడ మొకం ఒక్కటే తేటగా నిలబడింది. నాకు మతి పోనాది సార్. వైజాగ్‌లో పెద్ద పెద్ద హాళ్లలో తీసేవోళ్ల ఫొటోలు ఇలాగే గదా ఉంటాయి, మా సెల్లికి ఎందుకు ఉండకూడదు అనుకున్నాను. మీరు నా మొకం సూసేరు, ఇంక మాటాడలేదు. డబ్బాలో పెట్టి ఇచ్చీసేరు.

సరే, అందులో నా తప్పూ ఉంది. కానీ దీని వల్ల మా ఇంట్లో ఏటయ్యిందో మీకు తెలీదు. కొట్లో వేరే బేరమేటీ లేదు గదా. ఇనండి కాసేపు.

మా నాన్న పేరు ధర్మ. ఆయన అన్న సోంబరు, మా పెదనాన్న. ఒకే కడుపున పుట్టినోళ్లు. ఇళ్లు ఎదురెదురు, మధ్యన కాఫీ గింజలు ఆరబెట్టుకునే కళ్లం. ఆ కళ్లంలో ఒకళ్లు తూర్పుకి తిరిగితే ఇంకొకళ్లు పడమటికి తిరిగి గింజలు పరిసి నేర్పుకునీవోళ్లు. తొమ్మిదేళ్లు. ఒక్క మాట లేదు.

ఎందుకేటి, మా నాన్న చర్చిలో కలిసేడు. పెదనాన్న ఊరి దేవతకి పూజ సేసే మనిసి. ఆ ఏడాదే మా మామ్మ పోనాది. మట్టి ఇచ్చీకాడ పెదనాన్న అడ్డం నిలబడి, "దేవతని ఒదిలీసినోడి మట్టి అమ్మ మీద పడకూడదు" అన్నాడు. ఊరోళ్లు తలలొంచుకున్నారు. మా నాన్న గెడ్డ, అదే వాగు, దాటి అవతల గట్టు మీద నిలబడి సూసేడు, తల్లిని పూడుత్తంటే. తిరిగొచ్చి కాళ్లు కడుక్కున్నాడు. అన్నం కూడా తిన్నాడు. అది నాకు మరీ కట్టంగా అనిపించింది.

పెళ్లి డిసెంబరు మొదట్లో. పగలు చర్చిలో బాగానే తీసేను. మద్దేనం నుంచి తుపాను వాన ఎత్తుకుంది. ఇంటికొచ్చీసరికి కరెంటు పోనాది. సాయంత్రం అయిదున్నర, ఇంట్లో రెండు కొవ్వొత్తులు, పొయ్యిలో మంట. పెళ్లికూతురు పీట మీద కూకుంది. ఇరవై మందిమి వాన తప్పించుకోడానికి ఆ ఒక్క గదిలోనే ఉన్నాం. గదంటే ఎంతనుకున్నారు? మీ బల్ల కాడి నుంచి ఆ ఫేను దాకా. అంతే.

అప్పుడు పెదనాన్న వొచ్చేడు.

ఎవులూ అనుకోలేదు సార్. గుమ్మంలో గొడుగు మూసి నిలబడ్డాడు. ఎనకాల మా పెద్దమ్మ దేముడమ్మ, సంకలో కొత్త సీర. ఆయన అందరినీ సూసి, నా సేతిలో కెమెరా సూసేడు. "గుంటా, ఆ మెరుపు నా కళ్లలో కొట్టకు. కన్ను ఆపరేసనయ్యి నెల తిరగలేదు" అన్నాడు.

అలాగే పెదనాన్నా అన్నాను. ఫ్లాష్ తీసీసి సంచిలో పడీసేను.

భాను తల మీద సెయ్యి ఏసేడు. సీర ఒళ్లో పెట్టించేడు. అక్కడితో ఎల్లిపోతాడు అనుకున్నాం. ఎల్లలేదు. పొయ్యి కాడ మా నాన్న నిలబడి ఉన్నాడు, కదలకుండా. పెదనాన్న ఆయన ముందుకెల్లి నిలబడ్డాడు.

"ఏట్రా ధర్మా, ఇలాగ సిక్కిపోనావు?"

మా నాన్న అన్నాడూ, "తిట్టీవోడు లేక."

అని కాళ్ల మీద పడబోయేడు. పెదనాన్న రెండు భుజాలూ పట్టుకుని లేపేడు. లేపి, ఒదల్లేదు. నుదురుకి నుదురు జానెడు దూరం. కొవ్వొత్తి ఎలుగు ఇద్దరి మొకాల మీదా పడతాంది. ముసలోళ్లిద్దరూ ఏడుత్తన్నారు సార్. నేను ఇరవై తొమ్మిదేళ్ల దాన్ని, మా నాన్న ఏడవడం సూడలేదు అంతకు ముందు.

ఇంక నా బాధ సూడండి. కన్ను పెట్టి సూత్తే మా నాన్న మొకం, పెదనాన్న సెవి. అంతే పట్టింది మీ ఎనభై అయిదులో. ఎనక్కి జరిగేను. ఎనకాల బియ్యం డ్రమ్ము. ఇంకా జరిగేను, తలుపు గెడ తగిలింది, ఆ గీత అదే. వానలోకి దిగి గుమ్మం బయట నిలబడి సూత్తే మా సుట్టాల వీపులు. మళ్లీ లోనికి తోసుకుని వొచ్చేను. "ఏటే ఆ గెంతులాట" అని మా అమ్మ కసిరింది. గోడకి అతుక్కుపోయి, మోకాళ్ల మీద కూకుంటే అప్పుడు పట్టేరు ఇద్దరూ. బొటాబొటీగా.

పట్టేరు గానీ పెదనాన్న కాసింత ఇవతలకి ఉన్నాడు, నాన్న కాసింత అవతలకి. మీరే సెప్పేరు గదా, ఫోకస్ పల్సననీసి. బొటనేలు మందం ఉంటాదేమో. ఆ మందంలో ఒక్క మొకమే ఉంటాది. లెన్స్ కన్ను కొంచెం మూత్తే ఇద్దరూ తేటగా వొచ్చీవోళ్లు, కానీ మూత్తే సీకటి. సీకటిని ఎలుగు సేద్దారని కెమెరాలో అంకె పెంచితే మొకాల నిండా ఇసక జల్లినట్టు గింజలు. నాది పాత కెమెరా, మీకు తెల్సు గదా. ఆలోసించడానికి టైము ఎక్కడుంది? నొక్కీసేను. ఒక్కటే వొచ్చింది. రెండోది తీసీలోగా మా పెద్దమ్మ అడ్డం వొచ్చి ఇద్దర్నీ పట్టుకుని తనూ ఏడిసింది.

అది తెచ్చేను, సూడండి. సంచిలోనే ఉంది.

బాగుందంటారేటి? అందరూ అంతే అన్నారు. నాన్న కంటి కింద నీటి సుక్క కూడా లెక్క పెట్టొచ్చు. పెదనాన్నని సూడండి. పొగ. నెత్తి మీద తుండు లేకపోతే ఎవులో కూడా తెలీదు.

భానుకి ఇదే నచ్చింది. రెండు పెద్ద పటాలు కట్టించింది, ఒకటి మాకు, ఒకటి పెదనాన్నకి. నేనొద్దన్నాను. మొన్న సంకురాత్రి ఎల్లినాక నన్ను ఎంటేసుకుని మరీ పట్టుకెల్లింది. అప్పుడికి అన్నదమ్ములిద్దరూ కలిసి కళ్లంలో గింజలు నేర్పుతన్నారు సార్. బీడీలు పంచుకుంటన్నారు. పెద్దమ్మ మా ఇంటికి కూర పంపుతాంది.

పెదనాన్న పటం సేతుల్లోకి తీసుకున్నాడు. సానాసేపు సూసేడు. దూరం పెట్టి సూసేడు, దగ్గర పెట్టి సూసేడు. ఆపరేసనైన కన్ను మూసి సూసేడు, తెరిసి సూసేడు. అప్పుడు నన్ను అడిగేడు, "మసకగా ఉన్నది నా కన్నా గుంటా, పటమా?"

నేను భాను వైపు సూసేను.

పెద్దమ్మ అందుకుంది. "మరిది మొకం అద్దంలాగ ఉంది. మావోడు మాత్రం పొగలో ఉన్నాడు. కూతురు తీసిన పటం గదా" అంది. ఎటకారంగా అనలేదు. ఉన్న మాట అన్నాది.

"లెన్స్ అలాంటిది పెదనాన్నా" అన్నాను నేను. "దాంట్లో ఇద్దరు పట్టరు. ఒక్కరికే తేటగా వొత్తాది."

"మిసనుకి తెలుత్తాదేటి, ఎవులు ఎవులో?" అన్నాడు. అంతే. పటం గోడకి ఆనించి లోనికెల్లిపోయేడు.

మర్నాడు కళ్లంలోకి రాలేదు. దాని మర్నాడు వొచ్చేడు గానీ పడమటికి తిరిగి కూకున్నాడు. మా నాన్న ఎల్లి పక్కన నిలబడితే లేచి పోయేడు. నాన్న నన్నేటీ అనలేదు. "మళ్లీ తియ్యొచ్చులే" అన్నాడు. ఎక్కడి నుంచి తియ్యడం? ఆ తుపాను మళ్లీ వొత్తాదా? రెండు నెల్ల నుంచీ ఇదే సార్. సేతికొచ్చిన మనిసి, ఒక కాయితం ముక్క కోసం.

అందుకే మీ మీద కోపం నాకు. నవ్వకండి. ఆ పొద్దు మీరు ఇంకొక్క మాటు గట్టిగా అనుంటే నేను ముప్పై అయిదే తీసుకుని ఉందును. దగ్గరగా నిలబడినా ఇద్దరూ పట్టుదురు, మందం కూడా కాసింత ఎక్కువుండును. ఇవన్నీ తరవాత కూకుని సదివేను. సదివి ఏటి లాభం?

ఇప్పుడెందుకు వొచ్చేనంటారా? మొన్న శుక్రవారం సంతకి మా పెద్దమ్మ దిగింది. స్టూడియోకి వొచ్చి కుర్సీలో కూకుని కూల్‌డ్రింకు తాగింది. ఈ నెలాకరుకి వోళ్ల కొడుకు బుజ్జిబాబు పెళ్లి. సాయంత్రం, ఇంట్లోనే. "పటాలు నువ్వే తియ్యాలంట. మీ పెదనాన్న అన్నాడు" అంది.

ఆయనే అన్నాడా అని రెండు సార్లు అడిగేను.

"ఆయనే. మీ నాన్నని కూడా పిలుత్తాడంట. గుంట సెప్పింది గదా మిసనులో లోపమనీసి, గుంట అబద్దం ఎందుకాడుతాది, మిసను మార్సుకోమను అన్నాడు" అంది.

ఆ మాట ఇన్నాక నాకు అన్నం లోనికెల్లట్లేదు.

కాదు సార్. మీరు అనుకున్నది కాదు. సంతోసం కాదు.

సెప్పీమంటారా? ఎవులికీ సెప్పలేదు. నాన్నకీ సెప్పలేదు, భానుకీ సెప్పలేదు.

ఆ రోజు నేను గోడకి అతుక్కుని కన్ను పెట్టి సూసినప్పుడు, ఫోకస్ గడి పెదనాన్న కన్ను మీదే ఉంది. దగ్గరున్నది ఆయనే గదా. కెమెరా దానంతటది ఆయన్నే పట్టుకుంది. ఆ గడిని నేను జరిపేను. బొటనేలుతో. మూడు నొక్కులు నొక్కితే గాని నాన్న కంటి దాకా ఎల్లదు. మూడూ లెక్కెట్టి నొక్కేను.

ఎందుకంటే ఏటి సెప్పను. నా సిన్నప్పుడు ఆయన నన్ను భుజాలెక్కించుకుని సంతకి తీసుకెల్లీవోడు. మామిడి తాండ్ర కొనిపెట్టీవోడు. చర్చిలో కలిసింది మా నాన్న. తగువు వోళ్లిద్దరిదీ. మరి నాతో ఎందుకు మాటాడలేదు తొమ్మిదేళ్లు? డిగ్రీ పాసయ్యి మిఠాయి పట్టుకుని గుమ్మంలో నిలబడితే తలుపేసీసేడు. స్టూడియో తెరిసిన పొద్దు ఎదురుగా నడిసెల్లి కూడా తలెత్తి సూడలేదు. నేనేటి సేసేను ఆయన్ని? వోళ్లిద్దరూ అరనిమిసంలో కలిసిపోయేరు, ఏడిసీసేరు, అయిపోనాది. నాకు అవలేదు. నన్నెవులూ భుజాలు పట్టుకుని లేపలేదు.

అంతే. లెన్స్ ఏటీ సెయ్యలేదు. ఒక్కరే తేటగా వొత్తారంటే వొత్తారు, ఆ ఒక్కరెవులన్నది నేనే సూసుకున్నాను.

మీకెందుకు సెప్పేనో నాకే తెలీదు. మీరు మా ఊరోరు కాదు గదా, అందుకేమో. ఆయనకి సెప్పాలి. సెప్తానో లేదో తెలీదు. సెప్తే ఆ పెళ్లి ఏటవుద్దో, మా నాన్న ఏటవుతాడో.

లేదు, అలాగ సూడకండి. తీసుకుంటాను. ముప్పై అయిదే ఇయ్యండి. గీతకి ఎంత తగ్గించుకుంటారో తగ్గించుకోండి. బిల్లు బేగి రాయమనండి, బస్సుకి ఎల్లాల.

మిసను మార్సుకుని ఎల్తన్నాను గదా. ఈసారి ఆయన మొకం మసకొచ్చిందంటే, ఇంక సెప్పుకోడానికి నాకేటీ మిగల్దు.